పంపినవారి చిరునామా

కావలిలో ఒక పాఠాల స్టూడియోలో నెట్‌వర్క్ చూసే పరాంకుశం పనిమంతుడే కానీ, ఏం చెడినా ముందు తప్పెవరిదో తేల్చేసి, తర్వాత కారణం వెతికేవాడు. ఆ స్టూడియో నుంచి చుట్టుపక్కల నలభై బళ్లకు రోజూ పాఠాలు వెళ్లేవి. అక్కడి కంప్యూటర్ ఒక్కో పాఠాన్ని ఒక్కసారే పంపేది. దారిలోని రూటర్లనే పరికరాలు దాన్ని అన్ని బళ్లకూ పంచేవి. పాఠం పాకెట్లనే చిన్న చిన్న ముక్కలుగా వెళ్లేది. ప్రతి ముక్క మీదా ఎవరు పంపారో, ఎక్కడికి వెళ్లాలో రెండు చిరునామాలు ఉండేవి.

పదో తరగతి పరీక్షలకు ఇంకా పది రోజులున్నాయనగా, ఒక సోమవారం ఏ బడికీ పాఠం రాలేదు. అంతకు ముందు రోజు సెలవు. ఆ రోజే మస్తాన్‌వలి స్టూడియోలో పాత కేబుళ్లు మార్చాడు. అతను పదకొండేళ్లుగా అక్కడ ఆ పనే చేస్తున్నాడు. పరాంకుశం అతన్ని పిలిచాడు.

"నిన్న నువ్వు చెయ్యి పెట్టావు, ఇవాళ ఆగిపోయింది. ఇంకేం చూడాలి?" అన్నాడు.

"కేబుళ్లన్నీ పరీక్షించాకే ఇంటికెళ్లాను సార్. పాకెట్లు మన దగ్గర బయల్దేరుతున్నాయి, మొదటి రూటర్ దాటడం లేదు. వాటి మీద పంపినవారి చిరునామా ఏముందో ఒక్కసారి చూడండి," అన్నాడు మస్తాన్‌వలి.

"పంపేది మనమే కదా, అందులో చూసేదేముంది? నాకు నేర్పకు," అన్నాడు పరాంకుశం.

మేనేజరు అడిగితే కేబుళ్ల తప్పే అని చెప్పాడు. సాయంత్రానికల్లా మస్తాన్‌వలిని పనిలోంచి తీసేశారు. అతను వాదించలేదు. తన పనిముట్ల సంచీ తీసుకుని, అందరికీ వెళ్లొస్తానని చెప్పి మరీ వెళ్లాడు.

కేబుళ్లన్నీ మళ్లీ మార్చారు. మూడు రోజులైనా పాఠం రాలేదు. నాలుగో రోజు, ఇంకేమీ తోచక పరాంకుశం పాకెట్లు తెరిచి చూశాడు. పంపినవారి చోట పాఠాల నెట్‌వర్క్ చిరునామా లేదు, కొత్త కెమెరా కోసం అదే కంప్యూటర్‌కు ఇచ్చిన రెండో చిరునామా ఉంది. ఆ చిరునామాతో ఆ దారిన ఏదీ రాకూడదు గనక, రూటర్ ప్రతి పాకెట్‌నూ పారేస్తోంది. ఆదివారం ఆ కెమెరాను పాఠాలు పంపే కంప్యూటర్‌కు కలిపింది తనే.

సరిచేయడానికి ఐదు నిమిషాలు పట్టింది. నలభై బళ్లలో పాఠం మొదలైంది. పరాంకుశం మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పి, ఆయన్ని ఒప్పించి, మస్తాన్‌వలి ఇంటికి వెళ్లాడు.

"తప్పు నాది వలీ. రేపట్నుంచి పనిలోకి రా," అన్నాడు.

మస్తాన్‌వలి కుర్చీ వేసి, టీ తెప్పించాడు. "మీరే వచ్చి చెప్పారు, అది చాలు సార్. కానీ నేను రాలేను. పదకొండేళ్లు చేశాను. నేను చెప్పింది ఒక్కసారి చూద్దామని మీకు అనిపించలేదు. రేపు మళ్లీ ఏదైనా చెడితే, అందరూ ముందు నా వైపే చూస్తారు," అన్నాడు.

పరాంకుశం టీ తాగి, నమస్కారం పెట్టి వచ్చేశాడు. ఆ తర్వాత స్టూడియోలో ఏది ఆగినా, అతను ముందు తను చేసిన పనినే సరిచూసుకునేవాడు. అయినా మస్తాన్‌వలి మాత్రం తిరిగి రాలేదు.

కారణం తెలుసుకోకముందే ఎవరి మీదా నింద వేయకూడదు. తర్వాత తప్పు ఒప్పుకున్నా, పోగొట్టుకున్న నమ్మకం తిరిగి దొరకకపోవచ్చు.