తోమిన రాళ్లు

సామర్లకోటలో పూర్ణయ్యగారిని ప్రశ్న అడిగినవాళ్లెవరూ అదే రోజు జవాబు పట్టుకుని ఇంటికి వెళ్లలేదు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయినాక ఆయన సాయంత్రం పూట తన ఇంటి వసారాలో తత్వం చెప్పేవారు. చెప్పడమంటే, ఎవరైనా ఓ ప్రశ్న వేస్తారు, ఆయన కాసేపు కళ్లజోడు తుడుచుకుంటారు, ఆ తర్వాత ఆ అడిగినవాళ్లకే ఏదో పని పురమాయిస్తారు. ఆ పని ముగిసేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరు ప్రశ్నే మరిచిపోయేవారు. రెండూ ఒకటేనని ఆయన ఉద్దేశం కాబోలు.

ఆయన శిష్యుల్లో విశాలాక్షి శుభ్రానికి పెట్టింది పేరు. ఆవిడ ఇంట్లో ఇత్తడి బిందె ముందు నిలబడి జడ వేసుకోవచ్చని చుట్టాలు అనేవారు. మనసు చికాకుగా ఉంటే గిన్నెలు తోమేది, సంతోషంగా ఉంటే అవే గిన్నెలు మళ్లీ తోమేది. అలాంటి మనిషి చేత పూర్ణయ్యగారు డాబా మీద చేపల తోట పెట్టించారు. అదీ ఏదో ప్రశ్నకు జవాబుగానే మొదలైంది గానీ, ఆ ప్రశ్న ఏమిటో ఇప్పుడు ఆవిడకే గుర్తులేదు.

చేపల తోటంటే పెద్ద విషయమేం కాదు. కింద నీళ్ల తొట్టి, దాని పైన గులకరాళ్లు నింపిన వెడల్పాటి తొట్టి. చిన్న మోటారు నీళ్లను పైకి తోడుతుంది, రాళ్లలోంచి దిగిన నీళ్లు మళ్లీ కిందికి జారతాయి. కింద చేపలు, పైన ఆకుకూర. మట్టి అక్కర్లేదు, చేపల నీళ్లే మొక్కలకు తిండి. కష్టమంతా మొదట్లోనే ఉంది. కుళాయి నీళ్ల మందువాసన పోయేదాకా ఎండలో నిలవబెట్టమన్నారు గురువుగారు. మోటారు తిప్పమన్నారు. చేపల్ని మాత్రం అప్పుడే తేవద్దన్నారు.

"మరి ఏం చెయ్యమంటారండి?" అని అడిగింది విశాలాక్షి.

"రోజూ చిటికెడు మేత వెయ్యి" అన్నారు.

చేపలు లేని తొట్టిలో ఆవిడ రోజూ పొద్దున్నే మేత చల్లేది. భర్త సుబ్బారాయుడు డాబా మెట్ల మీద కాఫీ తాగుతూ, "మా ఆవిడ లేని చేపల్ని మేపుతోందండి. ఇంకో వారం పోతే వాటికి సంబంధాలు కూడా చూస్తుంది" అని పక్క డాబావాళ్లకు చెప్పి నవ్వేవాడు. ఆవిడ సిగ్గుపడింది గానీ మానలేదు. నీళ్లు మసకబారి, వాసన కొట్టి, కొన్నాళ్లకు వాటంతటవే తేటపడ్డాయి. అప్పుడు చేపలు తెచ్చుకోమన్నారు, అవీ కాసినే. రంగుచేపలు వచ్చాయి. పైన నాటిన బచ్చలి తీగ పిట్టగోడ ఎక్కి అవతలికి తొంగిచూసింది. ఒక్కో ఆకూ అరచేయంత. అలాంటి బచ్చలిని పెంచి గర్వపడని మనిషిని నమ్మడం కష్టం.

అప్పుడే మరో శిష్యురాలు నూకరత్నం తనకూ అలాంటి తోట కావాలంది. ఆమె హైస్కూల్లో హిందీ టీచరు. మనిషి మంచిదేగానీ ఇల్లు సర్దుకునే ధ్యాస తక్కువ. కొత్త తొట్టిలో పాతరాళ్లు కలిపితే తొందరగా అందుకుంటుందని గురువుగారు చెబితే, విశాలాక్షి తన రాళ్లలోంచి ఓ బకెట్టెడు తీసి ఇచ్చింది. కొన్నాళ్లకు వెళ్లి చూస్తే ఆ రాళ్ల నిండా గోధుమరంగు జిగురు పట్టి ఉంది.

"ఆ తొట్టి చూస్తే నీకు అన్నమెలా సయిస్తోంది రత్నం?" అంది విశాలాక్షి.

"తోమే తీరికెక్కడిదండి అక్కా, పేపర్లు దిద్దుకోడానికే సరిపోతోంది" అని నూకరత్నం నవ్వేసింది.

ఓ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక విశాలాక్షి వసారాలో ఆగిపోయింది. "గురువుగారండీ, గర్వం పనికిరాదని మీరే చెబుతారు. నాకేమో ఆ డాబా ఎక్కితే గుండె ఇంతవుతోందండి. ఇది తప్పేనంటారా?"

పూర్ణయ్యగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "గురుపూర్ణిమ భోజనాలకు పప్పులోకి బచ్చలి నీ డాబా మీదనుంచే రావాలమ్మా. భోజనాలయ్యాక అందర్నీ తీసుకెళ్లి నీ తోట చూపించు" అన్నారు.

గర్వం తప్పా అని అడిగితే ఆయన దానికి పీట వేసి కూర్చోబెట్టినట్టయింది. విశాలాక్షి ఆ పూట ఇంటికి నడిచిందో తేలిందో ఆవిడకే తెలియదు.

పండగంటే ముందు ఇల్లు కడగాలి. గడపలు, అరుగులు, దేవుడి గది అయ్యాక డాబా మిగిలింది. గురువుగారి శిష్యులంతా వచ్చి చూసే తొట్టి అది. విశాలాక్షి చేపల్ని బకెట్లోకి మార్చింది. రాళ్లన్నీ బయటికి తోడి, కళ్లుప్పు వేసి, కొబ్బరిపీచుతో ఒక్కో దోసెడూ రుద్దింది. నిజంగానే వాటికీ జిగురు పట్టి ఉంది, అది చూసి ఆవిడకు నూకరత్నం తొట్టి గుర్తొచ్చి ఇంకా గట్టిగా రుద్దింది. ఆ ఏడు ఆషాఢంలో వానలు ముఖం చాటేశాయి, ఎండ మండిపోతోంది. రాళ్లను డాబా నిండా ఆరబోసింది. సాయంత్రానికి అవి తళతళలాడుతుంటే సుబ్బారాయుడు కూడా మెచ్చుకుని, "ఇంత శుభ్రమైన రాళ్లు పప్పులో వచ్చినా తీసి పారెయ్యబుద్ధి కాదు" అన్నాడు.

రాళ్లనీ చేపల్నీ మళ్లీ వాటి చోట వేసిన వారం తిరక్కుండానే నీళ్లు తెల్లగా మసకబారాయి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి. బచ్చలి ఆకులు పాలిపోయాయి. అన్నిటికంటే ముందు తెచ్చిన నారింజరంగు చేప ఓ పొద్దున వెల్లకిలా తేలింది. దాన్ని చూసి విశాలాక్షి మెట్ల మీద కూలబడి ఏడ్చింది. గురుపూర్ణిమ ముంచుకొస్తోందని తెలుసు, మాట పోతుందని తెలుసు. కానీ ఆ క్షణాన ఆవిడకు కావలసింది ఒక్కటే, మిగిలిన చేపలు బతకాలి.

కబురందుకుని పూర్ణయ్యగారు వచ్చారు. చొక్కా చేయి పైకి మడిచి, ఓ రాయి తీసి వేళ్ల మధ్య రుద్ది చూశారు. "బాగా తోమావమ్మా" అన్నారు.

ఇంకో రోజయితే ఆ మాటకు ఆవిడ పొంగిపోయేది. "జిగురుగా అసహ్యంగా ఉన్నాయండి. నలుగురూ వచ్చి చూస్తారు కదాని..."

"మేత తిన్నది చేప. ఆకు వేసింది బచ్చలి. మధ్యలో వంట చేసింది ఎవరనుకున్నావు?"

విశాలాక్షి ఓ రాయి చేతిలోకి తీసుకుంది. లేని చేపలకు మేత వేసిన రోజులు గుర్తొచ్చాయి. ఆ మేత ఎవరికి అందిందో, మసకబారిన నీళ్లను ఎవరు తేర్చారో అడగాలని అప్పుడు తోచలేదు. కంటికి కనపడని ప్రాణులేవో ఆ జిగురులో కాపురం పెట్టి, చేపలు వదిలిన విషాన్ని ఆకుకు అన్నంగా మారుస్తున్నాయన్నమాట. వాటికి ఉప్పు పట్టించి, పీచుతో రుద్ది, ఎండలో ఆరబోసింది తనే.

"మళ్లీ అవి పుట్టుకొచ్చేదాకా ఈ చేపలు ఆగుతాయాండి?" అంది.

"ఆగవు. జిగురు పట్టిన రాళ్లు ఎక్కడైనా దొరుకుతాయేమో చూసుకో. ఈలోగా మేత మానేసి, సగం నీళ్లు మార్చు" అని ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు. ఎక్కడ దొరుకుతాయో చెప్పలేదు. ఆవిడకు తెలిసినంతలో అలాంటి రాళ్లున్న తొట్టి ఒక్కటే.

నూకరత్నం గేటు ముందు విశాలాక్షి కాళ్లు కాసేపు మొరాయించాయి. అన్నం సయించదన్న నోటితోనే ఇప్పుడు అడగాలి. లోపలికి వెళ్లి, "రత్నం, నీ రాళ్లు కాసిని కావాలి" అంది.

"నా రాళ్లేంటండి అక్కా, మీరిచ్చినవే కదా. ఎన్ని కావాలంటే అన్ని తీసుకెళ్లండి."

"తోమలేదు కదా?"

నూకరత్నం ముఖం చిన్నబోయింది. "మీరన్నాక సిగ్గేసిందండి. ఈ ఆదివారం ఎలాగైనా తోముదామనే అనుకున్నాను."

"తోమకు తల్లీ" అని విశాలాక్షి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత తనే మోచేతులదాకా ఆ తొట్టిలో ముంచి రాళ్లు తోడుకుంది. బకెట్టు ఆటోలో పెడితే డ్రైవరు ముక్కు మూసుకుని, "ఏంటమ్మా ఇది?" అన్నాడు. "వంటవాళ్లు బాబూ, మెల్లగా పోనియ్యి" అంది.

చేపలు మెల్లమెల్లగా కిందికి దిగాయి. బచ్చలికి మాత్రం గురుపూర్ణిమనాటికి పూర్తిగా రంగు తిరగలేదు. కోసుకోదగ్గ ఆకు గుప్పెడే దొరికింది. మిగిలిన పప్పంతా నూకరత్నం తొట్టిలోని ఆకుతోనే అయింది. ఆ సంగతి వంటింట్లో ఇద్దరికే తెలుసు, నూకరత్నం చెప్పే మనిషి కాదు. బంతిలో ఓ పెద్దాయన వేళ్లు నాక్కుంటూ, "విశాలాక్షిగారండీ, మీ డాబా బచ్చలి అమృతమండి" అన్నాడు.

విశాలాక్షి చేతిలో గరిటె ఆగింది. ఆ పొగడ్త కోసం ఆవిడ ఎన్నాళ్లుగానో ఎదురుచూసింది. "నాది గుప్పెడేనండి" అంది, బంతి చివరిదాకా వినపడేలా. "మిగతాదంతా రత్నం తొట్టిది. నా చేపలు బతికాయంటే అదీ ఆ తొట్టి పుణ్యమే." రాళ్లు తోమిన కథంతా వడ్డిస్తూనే చెప్పింది, అందరికంటే ముందు తనే నవ్వింది. నూకరత్నం తలెత్తకుండా విస్తరిలో అన్నం కెలుకుతూ కూర్చుంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

భోజనాలయ్యాక అందరూ విశాలాక్షి ఇంటికొచ్చి, డాబా ఎక్కి చేపల కోసం వంగారు. "చేపల్ని తర్వాత చూద్దురుగాని, ముందు ఇక్కడ చెయ్యి పెట్టండి" అని విశాలాక్షి జిగురు పట్టిన రాయి ఒకటి తీసి, మనవడికి ఫస్టు ర్యాంకు వచ్చినంత సంబరంగా చేతి నుంచి చేతికి తిప్పింది. కొందరు ముఖం చిట్లించారు. పూర్ణయ్యగారు మాత్రం దాన్ని చాలాసేపు పట్టుకుని చూశారు.

అందరూ దిగిపోయాక గురువు, శిష్యురాలు పిట్టగోడ దగ్గర మిగిలారు. "గురువుగారండీ, ఆ వేళ గర్వం గురించి అడిగాను" అంది ఆవిడ. "అది పోలేదండి. నిజం చెప్పాలంటే ఇంకా పెరిగింది."

పూర్ణయ్యగారు కళ్లజోడు తుడుచుకున్నారు. వేళ్ల జిగురు అద్దానికి అంటింది, అలాగే పెట్టుకున్నారు. ఏ పనీ పురమాయించకుండా ఆయన నోటితో జవాబు చెప్పడం అదొక్కసారే.

"పెరగనీ అమ్మా. దాన్ని మాత్రం తోమకు."