హుసేనమ్మ గంట

అనగనగా ఒక కాలువ. ఊఁ కొట్టండి మరి, ఊఁ కొట్టకపోతే నీళ్ళు ముందుకు పారవు. ఆ కాలువ మీద మూడు ఊళ్ళు. పైన ఎగువపాడు, నడుమ నడిమిపాడు, చిట్టచివర దిగువపాడు. ఎప్పటి మాట అంటే ఏం చెప్పను? రాజుల కాలం కాదు. రేడియో ఉన్న ఇల్లు పెద్దిల్లు అనిపించుకున్న కాలం.

కాలువ తవ్వించిన ఇంజనీరు వెళ్ళిపోతూ ఆ ఊళ్ళకు ఒక లెక్కల పెట్టె ఇచ్చిపోయాడు. అరచేతి కన్నా కాస్త పెద్దది. మీటలు నొక్కితే అద్దంలో ఎర్రటి అంకెలు వెలిగేవి. నీళ్ళు తక్కువైన ఏడు ఏ ఊరికి ఎన్ని గంటలు పారాలో ఆ పెట్టే తేల్చేది. మనిషి తేలిస్తే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఎగువ వాడి లెక్క ఎగువకే మొగ్గేది, దిగువ వాడి లెక్క దిగువకే మొగ్గేది. పెట్టెకు చుట్టాలు లేరు, కులం లేదు, సెంటు భూమి లేదు. అందుకని అది ఎంతంటే అంత.

తర్వాత దేవుడు చల్లగా చూశాడు. ఏళ్ళ తరబడి మంచి వానలు. వంతులు వేసే పనే లేకపోయింది. పెట్టెను తూము దగ్గర కొట్టంలో, గూట్లో పెట్టారు. పని లేదు గానీ పూజలకు మాత్రం లోటు లేదు. ఏటా ఆయుధపూజకు పారకూ గొడ్డలికీ చేసినట్టే దానికీ పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, కొబ్బరినీళ్ళు చిలకరించారు. లోపలున్న బ్యాటరీలు తీసి పెడదామని ఎవరో అంటే, "నోరు ముయ్యి, దాని పానం తీస్తామా?" అని కసిరారు. అట్లా భక్తితోనే దాన్ని చంపారు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. కాలువకు నీళ్ళిచ్చే చెరువులో మిగిలిన నీళ్ళు లెక్కగా అరవై గంటలకే వస్తాయి. కాలువ నీళ్ళు వంతుల ప్రకారం వదిలేవాణ్ణి ఆ పక్క నీరుగంటి అంటారు. అప్పటి నీరుగంటి పేరు ఓబుళేసు. ఓబుళేసు గూట్లోంచి పెట్టె తీశాడు. మీట నొక్కాడు. వెలగలేదు. మూత తీసి చూస్తే బ్యాటరీలు ఉబ్బి, కారి, తీగల మీద పచ్చటి చిలుం పట్టింది. మీటల కింద కుంకుమ గడ్డకట్టింది.

ఎగువపాడు వాళ్ళు దాన్ని టౌనుకు తీసుకుపోయి గడియారాల షాపులో చూపించారు. "పారెయ్యండి" అన్నాడు షాపాయన. నడిమిపాడు వాళ్ళు ఇంకో టౌనుకు తీసుకుపోయి రేడియోల షాపులో చూపించారు. "పాత ఇనప సామాన్లోకి వెయ్యండి" అన్నాడు ఆయన. ఇక మిగిలింది దిగువపాడు. దిగువపాడులో ఉన్నది హుసేనమ్మ.

హుసేనమ్మ దూదేకుల ఇంటి ఆడకూతురు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మొగుడు రేడియోలు బాగుచేస్తుంటే పక్కన కూచుని పని నేర్చింది. ఆయన పోయాక టార్చిలైట్లు, స్టవ్వులు, రేడియోలు తానే బాగుచేస్తూ బతికేది. ఊళ్ళో అందరికీ అక్కే. పిలిచేటప్పుడు అక్క, పీట వేసేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు.

"దిగువపాడు మనిషి చేతికిస్తే అది దిగువపాడు లెక్కే చెప్తాది" అన్నాడు ఎగువపాడు పెద్ద మద్దిలేటి.

"అట్లయితే నీ కళ్ళ ముందరే చేస్తా నాయనా. ఊరికొకరు కూచోండి, పట్టపగలు చేస్తా" అంది హుసేనమ్మ.

మూడు ఊళ్ళ నుంచి ముగ్గురు కాపలా కూచున్నారు. మొదటి రోజు ఆమె నిమ్మరసంలో పాత పళ్ళ బ్రష్షు ముంచి చిలుం కడిగింది. "ఇంకా ఎంతసేపు?" అన్నారు ముగ్గురూ. "తొందరపడితే తుప్పు నవ్వుతాది" అంది. రెండో రోజు చిలుం తినేసిన చోటల్లా వెంట్రుకంత రాగితీగ పెట్టి అతికింది. "ఇంకా ఎంతసేపు?" అన్నారు. "తొందరపడితే తుప్పు నవ్వుతాది" అంది. మూడో రోజు ఒక్కో మీట కింద కుంకుమ గీకి, బడిపిల్లల దగ్గర అడిగి తెచ్చిన రబ్బరుతో మెరిసేదాకా రుద్దింది. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. కొత్త బ్యాటరీలు వేసి మీట నొక్కింది.

ఎర్రటి సున్నా వెలిగింది! ముగ్గురూ చప్పట్లు కొట్టారు. హుసేనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సున్నాకు ఎడమ పక్క కింద కొంచెం ఖాళీ ఉంది, నోరు తెరిచినట్టు. సున్నాయే కదా, దానికి నోరుంటే ఏమి లేకపోతే ఏమి అనుకున్నారు. సంబరంలో హుసేనమ్మా అట్లాగే అనుకుంది.

మర్నాడు పొద్దున్నే తూము దగ్గర మూడు ఊళ్ళూ చేరాయి. ఓబుళేసు భూముల పుస్తకం చూసి మీటలు నొక్కాడు.

"ఎగువపాడుకు ఇరవై అయిదు గంటలు!"

"సరే" అంది ఎగువపాడు.

"నడిమిపాడుకు పదిహేడు!"

"సరే" అంది నడిమిపాడు.

"దిగువపాడుకు పంతొమ్మిది!"

"సరే" అంది దిగువపాడు, అందరికన్నా గట్టిగా.

ఇప్పుడు మీరు వేళ్ళు మడిచి కూడుతున్నారు, నాకు తెలుసు. అక్కడున్న రెండొందల మందిలో ఒక్కడూ కూడలేదు. పెట్టె చెప్పాక మళ్ళీ మనిషి లెక్కెందుకు?

హుసేనమ్మ తమ్ముడు కాసిం మాత్రం ఎగిరి గంతేశాడు. కరువేడు నీళ్ళు ముందు వదిలేది దిగువపాడుకే, అతని రెండెకరాలు కాలువకు చిట్టచివర. పద్దెనిమిది గంటలు పారితే నీళ్ళు అతని గట్టు దాకా వచ్చి ఆగిపోతాయి. పంతొమ్మిదో గంట వస్తేనే అతని వరి తడుస్తుంది. పైరు పొట్ట మీదుంది. ఇప్పుడు తడవకపోతే గడ్డే.

హుసేనమ్మ ఓబుళేసు పక్కనే నిలబడి అద్దంలోకి చూస్తోంది. ఆ పెట్టెలో ఒక్కో అంకె చిన్న చిన్న ఎర్రపుల్లలు పేర్చినట్టు ఉంటుంది. ఎనిమిదికి ఏడు పుల్లలు. అందులో ఎడమ పక్క కింది పుల్ల తీసేస్తే అది తొమ్మిదవుతుంది. సున్నాకు లేని పుల్ల కూడా అదే. నిన్న నోరు తెరిచిన సున్నా ఆమెకు గుర్తొచ్చింది.

తమ్ముడి మొహం చూసింది. పెట్టెను చూసింది. మళ్ళీ తమ్ముడి మొహం చూసింది. నేనైతే నోరు మూసుకునేవాణ్ణి. మీరూ అంతే, అబద్ధాలాడకండి.

"ఓబుళేసూ, పెట్టె ఒకసారి ఇట్లియ్యి నాయనా" అంది హుసేనమ్మ. నాలుగు నొక్కింది, కూడిక నొక్కింది, నాలుగు నొక్కింది. "నాలుగూ నాలుగూ ఎంత?"

"ఎనిమిది" అన్నాడు ఓబుళేసు.

"పెట్టె ఎంతంటాంది?"

ఓబుళేసు అద్దం మీదికి వంగి చూశాడు. "తొమ్మిది."

"దాని లెక్క మంచిదే. కడపటి గడిలో ఒక దీపం చచ్చిపోయింది. అద్దం లోపల ఉండేది, నా చేతికి అందదు. దిగువపాడుకు వచ్చేది పద్దెనిమిదే. తెలియని లెక్క అడిగే ముందు తెలిసిన లెక్క అడిగి చూడాల. నేను మరిచినా. తప్పు నాదే."

కాసిం ముందుకొచ్చాడు. "ఎవురూ అడగలేదు గదక్కా! నా నోటికాడి కూడు తీసేస్తివే!"

"నీకిస్తే ఇంకొకరిది తీసినట్టే గదరా" అంది. అతను వినలేదు. పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

పద్దెనిమిది గంటలు పారాక ఓబుళేసు తూము దించాడు. కాసిం గట్టు దగ్గర నీళ్ళు ఆగిపోయాయి. ఆ రోజు నుంచి హుసేనమ్మ బావిలో నీళ్ళు తోడి, పొద్దున మూడు బిందెలు, సాయంత్రం మూడు బిందెలు మోసుకెళ్ళి తమ్ముడి చేలో పోసింది. రెండెకరాలకు బిందె నీళ్ళు ఏ మూలకు? ఒక్క మడి బతికింది. తక్కినదంతా గడ్డయింది. కాసిం అక్కతో మాట మానేశాడు. ఆమె బిందెతో వస్తుంటే అతను ఇటు నుంచి అటు వెళ్ళిపోయేవాడు. అది ఆమెను లోపల్లోపల తినేసింది. ఎవరితోనూ అనలేదు గానీ, ముద్ద సరిగ్గా దిగేది కాదు.

రెండేళ్ళకు హుసేనమ్మ పోయింది. మట్టి వెయ్యడానికి మూడు ఊళ్ళూ వచ్చాయి. కాసిం గోరీ పక్కన కూలబడి, ఆమె బతికుండగా ఆడని మాటలన్నీ అప్పుడు ఆడాడు. వినడానికి ఆమె లేదు.

ఆ ఏడూ నీళ్ళు తక్కువే. మళ్ళీ అరవై గంటలే. తూము దగ్గర ఓబుళేసు అరవై నొక్కబోతుంటే మద్దిలేటి లేచాడు. హుసేనమ్మను నమ్మనన్న మద్దిలేటే.

"అరవై గాదు. యాభై తొమ్మిది నొక్కు. ఒక గంట ముందుగానే పక్కన బెట్టు. అది కడాకు చేనిది, కాలువ కొసన ఉండేదానిది."

"ఏ లెక్కన పెద్దాయనా?"

"లెక్క ఆయమ్మ ఎప్పుడో చెప్పింది, సొంత తమ్ముడి పైరు పోతాదని తెలిసి గూడా. మనమే ఇయ్యాల్సింది ఇయ్యలేదు."

ఆ మాటకు ఏ ఊరూ అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు ఆ పెట్టె లేదు. ఫోన్లోనే లెక్క చూస్తారు. అయినా ఆ తూము దగ్గర వంతులు వేసే రోజు ముందు నాలుగూ నాలుగూ కూడతారు. "ఎంత?" అని నీరుగంటి అడిగితే మూడు ఊళ్ళూ ఒక్క గొంతుతో "ఎనిమిది" అంటాయి. ఆ తర్వాతే అసలు లెక్క. ఎవరైనా మరీ గట్టిగా ఏదైనా చెప్తే, "నాలుగూ నాలుగూ ఎంతో ముందు చెప్పు" అంటారు ఆ పక్క.

వంతులన్నీ అయ్యాక చివరి గంట హుసేనమ్మ గంట. కడాకు చేను చేతులు మారింది, కాసిం వంశం వాళ్ళది కాదిప్పుడు. ఎవరిదైనా సరే, నీళ్ళు గట్టు దాటి తొలి మడిలోకి దిగగానే ఆ రైతు చెప్పులు విడిచి నిలబడి, మొదటిసారి ఆ గంట పారిన రోజు కాసిం అన్న మాటే గట్టిగా అంటాడు.

"అక్కా, నీళ్ళొచ్చినాయి!"