రెండు నోళ్ళ కారు

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదర్రా, మొన్నమొన్నటి మాటే. అనకాపల్లిలో అప్పలనరసయ్యగారని ఒక బెల్లం వర్తకుడు ఉండేవాడు. ఆయన కోడలి పేరు కుసుమ. కాపరానికొచ్చి ఎనిమిది నెలలు. మామగారి మాటకి ఎదురు చెప్పి ఎరగదు. అయితే కారు మాత్రం ఆ ఇంట్లో అందరికంటే బాగా నడుపుతుంది.

ఆ అప్పలనరసయ్యగారు ఒక రెండు నోళ్ళ కారు కొన్నాడు. నవ్వకండర్రా, నిజమే చెబుతున్నాను. ఒక నోట్లో పెట్రోలు పొయ్యాలి, రెండో నోట్లో కరెంటు వైరు పెట్టాలి. కరెంటున్నంతసేపు కరెంటు మీద పోతుంది. అయిపోతే పెట్రోలు అందుకుంటుంది. దారిలో ఆగిపోతుందన్న భయమే లేదు. కాకపోతే కరెంటు పొట్ట చిన్నది. గంటన్నరసేపు తాగితే నలభై కిలోమీటర్లు, అంతే.

ఊఁ అంటున్నారా? ఆఁ.

ఇంతలో చార్జింగు కంపెనీవాడొకడు వచ్చి, హైవే పొడుగునా మా స్టేషన్లే, ఈ కార్డు తీసుకుంటే మీరు పెట్రోలు మొహం చూడక్కర్లేదు అని ఊదరగొట్టి ఒక కార్డు అంటగట్టి పోయాడు. అది చేతికొచ్చింది మొదలు ఈయనకి పిచ్చి పట్టుకుంది. స్టేషను కనపడితే చాలు, ఆపు ఆపు అంటాడు. కార్డు గీస్తే ఫోను అడుగుతుంది, ఫోనిస్తే ఓటీపీ అడుగుతుంది, ఓటీపీ కొడితే నెట్టు లేదంటుంది, నెట్టొస్తే మళ్ళీ కార్డు గీయమంటుంది. అయినా ఆయన కదలడు.

అలా ఉండగా రాజమండ్రిలో ఉన్న ఆయన అక్క పైడమ్మకి గుండె ఆపరేషన్ అని కబురొచ్చింది. మధ్యాహ్నం రెండింటికి లోపలికి తీసుకెళతారట. ఆవిడేమో తమ్ముణ్ణి చూస్తే గానీ వెళ్ళనని పట్టుబట్టి కూర్చుంది. కొడుక్కి బెల్లం మార్కెట్లో పని తెమలక, కోడలే మామగారిని ఎక్కించుకుని ఏడింటికి బయలుదేరింది. టాంకు నిండా పెట్రోలు ఉంది.

ఎలమంచిలిలో ఆపు అన్నాడు. గంటన్నర. నక్కపల్లిలో ఆపు అన్నాడు. అక్కడ మిషను పనిచెయ్యదని తెలుసుకోవడానికో గంట. తుని దాటుతుంటే మళ్ళీ ఆపు అన్నాడు. కుసుమ వాచీ చూసుకుంది. పదకొండుంపావు. రాజమండ్రిలో పైడమ్మ అత్తమ్మ మంచం మీద గుమ్మం వైపే చూస్తూ ఉంటుందని అనుకుంది గానీ నోరు విప్పలేదు. బండి ఆపి వైరు తగిలించింది.

ఆ మిషనుకి రెండు వైర్లున్నాయి. సన్నవైరు ఇలాంటి బళ్ళకి, లావువైరు అచ్చంగా కరెంటు మీద నడిచే బళ్ళకి. ఒకటి పనిచేస్తుంటే రెండోది పనిచెయ్యదు. ఓ పావుగంటకి ఒక తెల్లకారు నత్తలా వచ్చి పక్కన ఆగింది. అందులోంచి జోగారావని ఒకాయన దిగాడు. లోపల ఆయన కూతురు హారిక ఒళ్ళో హాల్ టికెట్టు పెట్టుకుని కూర్చుంది. కాకినాడలో ఎంట్రన్సు పరీక్ష. ఒంటిగంటన్నరకి గేటు మూసేస్తారు. వెనక స్టేషను పనిచెయ్యక బండిలో పది కిలోమీటర్లే మిగిలిందిట.

“బాబ్బాబు, నలభై నిముషాలు నాకు వదలండి” అన్నాడు.

“నేనూ డబ్బు కట్టి కార్డు తీసుకున్నవాణ్ణే. ముందొచ్చింది నేను” అన్నాడు అప్పలనరసయ్యగారు.

“మీకు పెట్రోలుంది కదండీ! నా బండికి పెట్రోలు పొయ్యడానికి కన్నమే లేదు.”

ఈయన మొహం అటు తిప్పుకున్నాడు. కారులో పిల్ల ఏడవలేదు. హాల్ టికెట్టు అంచులు మడతపెడుతోంది, విప్పుతోంది. అది చూసింది కుసుమ.

ఏం చేసుంటుందర్రా? గట్టిగా అరిచిందా? అరవలేదు. వెళ్ళి మిషను మీద బొత్తాం నొక్కి, వైరు లాగేసింది.

“మావయ్యగారూ, మనకిది లేకపోయినా బండి నడుస్తుందండీ. వాళ్ళకిది లేకపోతే నడవదు. అక్కడ అత్తమ్మగారు కూడా మీకోసం చూస్తున్నారు. రండి” అంది.

అప్పలనరసయ్యగారు కోడలి వంక కళ్ళప్పగించి చూశాడు. ఎక్కాడు గానీ అన్నవరం దాటినా, జగ్గంపేట దాటినా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికెళ్ళాక ఏమవుతుందో అని కుసుమకి భయంగానే ఉంది. కారు మాత్రం పెట్రోలు మీద ఎక్కడా ఆగకుండా పోయింది.

ఒంటిగంటా నలభైకి ఆసుపత్రికి చేరారు. పైడమ్మగారింకా మంకుపట్టు వదల్లేదు. ఆపరేషన్ రేపటికి వాయిదా వేద్దామని డాక్టర్లు అనుకుంటున్నారు. తమ్ముణ్ణి చూడగానే ఇంతసేపేం చేశావురా అని తిట్టి, చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇక పదండి అంది. తీసుకెళ్ళారు.

కాసేపటికి అప్పలనరసయ్యగారు బయటికొచ్చి చూస్తే, ఆసుపత్రి ఆవరణలో ఒక మూల ఉన్న మిషనుకి కోడలు వైరు తగిలిస్తోంది.

“అక్కడ వద్దన్నావు, ఇక్కడెందుకు?” అన్నాడు.

“ఇక్కడ బండి ఎలాగూ సాయంత్రందాకా ఊరికే నిలబడి ఉంటుంది కదండీ. మన వెనక ఎవరూ లేరు. ఎవరైనా వస్తే తీసేస్తాను” అంది కుసుమ.

అయిదు దాటాక కుసుమ ఫోను మోగింది. తునిలో నంబరు తీసుకున్న జోగారావు. గేటు మూసే అయిదు నిముషాల ముందు పిల్ల లోపలికి వెళ్ళిందిట. అప్పలనరసయ్యగారు ఫోను ఇలా ఇమ్మని చెయ్యి చాపాడు.

“బాగా రాసిందా అండీ?” అన్నాడు.

పైడమ్మగారు పది రోజులకి లేచి తిరిగింది. హారికకి సీటొచ్చింది. అప్పలనరసయ్యగారు ఆ కార్డుకి మళ్ళీ డబ్బు కట్టలేదు. ఇంట్లోనే షెడ్డులో ప్లగ్గు పెట్టించి, రోజూ తన చేత్తో తనే వైరు తగిలిస్తాడు. ఊళ్ళో తిరుగుళ్ళకి అదే సరిపోతుంది. దూరం వెళితే పెట్రోలు. దారిలో స్టేషన్లంటారా, బండి ఎలాగూ ఆగే చోట, వెనక ఎవరూ లేకపోతేనే.

అదర్రా సంగతి. మనకి వేరే దారి ఉన్నప్పుడు, అదొక్కటే దారి ఉన్నవాళ్ళని ముందు పోనివ్వాలి. కథేమో కంచి బస్సెక్కేసింది, మీరు దుప్పట్లో దూరండి.