నూకాలత్త చూసొస్తానంది

అనగనగా, గోదారి ఏటికో కొత్త దారి తొక్కే రోజుల్లో, ఒక లంక. ఆ లంకలో నూకాలనే ముసలామె. ఆవిడకి గొడ్డూ లేదు, గోదా లేదు, ఉన్నదల్లా బెంగ. పొయ్యి ఆర్పానో లేదో, ఓసారి చూసొస్తా. తలుపేశానో లేదో, ఓసారి చూసొస్తా. లంకంతా నవ్వేది. నవ్వరూ మరి!

ఒక ఏడు వరదొచ్చింది. పడవేసుకుని అవతలి గట్టుకెళ్లిన కొడుకు అక్కడే చిక్కుపడ్డాడు. ఇంట్లో నూకాలూ, నెలలు నిండిన కోడలు పైడీ మిగిలారు. కుండలో కాసిని బియ్యం, వానలో కోసుకొచ్చిన బుట్టెడు పచ్చిమిరపకాయలు, అంతే.

పైడికి ఉత్త గంజి తాగితే వాంతి. మిరపకాయ కొరుక్కుంటేనే గొంతు దిగేది.

"అత్తా, ఇవి అయిపోతే నేనేం తినను?" అని ఏడ్చింది.

"అవవు తల్లీ" అంది నూకాలు. అంది గానీ మనసులో బెంగే. అయిపోక ముందే కుళ్లిపోతేనో? పిల్ల తినకపోతే కడుపులో బిడ్డ ఏం కాను?

ఓసారి చూసొస్తా అని లేచింది. కాయలు చెమ్మగా ఉన్నాయి. ఒక్కొక్కటే పొడికొంగుతో తుడిచింది. వచ్చి కూర్చుంది.

కూర్చోనిస్తేగా బెంగ! ఓసారి చూసొస్తా అని మళ్లీ లేచింది. ఒక తొడిమ నల్లబడుతోంది. అన్నిటికీ తొడిమలు తీసి, బుట్టలో పొడిగుడ్డ పరిచి పోసింది. వచ్చి కూర్చుంది.

ఓసారి చూసొస్తా అని మూడోసారి లేచింది. ఒక కాయ నిగనిగలాడుతూనే ఉంది, పట్టుకుంటే వేళ్లకి జిగురు. విరిచి చూస్తే గింజలు నల్లగా ఉన్నాయి, కుళ్లు వాసన. దాన్నీ, దాని పక్కన మెత్తబడ్డవాటినీ ఏరి ఏట్లోకి విసిరింది. పిల్ల నోటికాడివి పారేశానే అనుకుంటూ వచ్చి కూర్చుంది.

వరద తియ్యలేదు. మిగిలిన కాయలు ముడతలు పడ్డాయి. పక్కింటి అచ్చాయమ్మ తొంగిచూసి, "వడిలిపోయినవి కడుపుతో ఉన్న పిల్లకి పెడతావా? పారెయ్యి" అంది.

నూకాలు బుట్ట దగ్గరికెళ్లింది. ఒక కాయ నొక్కింది, జిగురు లేదు. వాసన చూసింది, బాగానే ఉంది. కొరికింది. కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

"ముడతపడితే ముసలిదైనట్టు అచ్చాయమ్మా, చచ్చినట్టు కాదు. నన్ను చూడటల్లేదూ?" అంది.

పైడి ఆ కాయలతోనే గంజి తాగింది. వరద తీసింది. పడవొచ్చింది. పడవలో కొడుకొచ్చాడు. వాడి వెనకాలే, ఏడుస్తూ, మనవరాలు భూమ్మీదికొచ్చింది.

కొన్నేళ్లకి నూకాలు మంచాన పడింది. ఒకనాడు ఉన్నట్టుండి లేవబోయింది.

"ఎక్కడికత్తా?" అంది పైడి.

"మిరపకాయలు... ఓసారి చూసొస్తా."

ఆ మాట మీదే ప్రాణం పోయింది. పైడి గుండె పగిలేలా ఏడ్చింది.

ఇప్పటికీ ఆ లంకలో పచ్చిమిరపకాయలు తుడిచి, తొడిమలు తీసి, పొడిగుడ్డ పరిచి బుట్టలో పోస్తారు. బుట్టకి మూత మాత్రం వెయ్యరు. కొత్తకోడలు తెలీక వేసిందంటే, అత్తగారు కంగారుగా పరిగెత్తుకొస్తుంది.

"తియ్యవే తల్లీ, మూత తియ్యి! నూకాలత్త చూసొస్తానంది."