గోడ మీది కాపలా పెట్టె

చింతలరేవు ఐసు ఫ్యాక్టరీలో కామేశం అనే మేనేజరు ఉండేవాడు. ఒక పనిని ఎవరికైనా అప్పగించాడంటే ఇక ఆ వైపు తిరిగి చూసేవాడు కాదు.

నీళ్లను ఐసుగా మార్చడానికి ఆ ఫ్యాక్టరీలో అమ్మోనియా గ్యాసు వాడేవారు. అది గొట్టాల్లో ఉన్నంతసేపు మంచిదే. బయటికి వస్తే మాత్రం మనిషి ప్రాణం తీస్తుంది. అందుకని యంత్రాల గదిలో దాన్ని పసిగట్టే సెన్సారు పెట్టారు. అది పసిగట్టిన సంగతి హైదరాబాదులోని పెద్ద కంప్యూటరుకు చేరి, అక్కడి నుంచి ఆజ్ఞ వస్తేనే గ్యాసును ఆపే వాల్వు మూసుకునేది. గాలివానకు నెట్ పోతే అంతా దేవుడి మీద భారమే.

ఒక ఏడాది శమీమ్ అనే ఇంజనీరు వచ్చి, ఆ గది గోడకే చిన్న కంప్యూటరు పెట్టె బిగించింది.

"ఇది ఎవరినీ అడగదండీ. ఇక్కడికిక్కడే ఆలోచించి రెప్పపాటులో వాల్వు మూసేస్తుంది. నెట్ లేకపోయినా ఫరవాలేదు," అంది. వెళ్లేముందు ఇంకో మాట కూడా చెప్పింది. "హైదరాబాదు కంప్యూటరును కనిపెట్టుకోవడానికి బోలెడంతమంది ఉన్నారు. దీనికి మాత్రం మీరే దిక్కు. ఉప్పుగాలికి సెన్సారు పాడవుతుంది. తరచూ పరీక్షిస్తూ ఉండండి."

"అలాగేనమ్మా," అన్నాడు కామేశం.

ఆ కార్తీకంలో తుపాను వచ్చింది. కరెంటు స్తంభాలు కూలాయి. ఫోన్లు మూగబోయాయి. యంత్రాల గదిలో ఒక గొట్టం చిట్లింది. బ్యాటరీ మీద నడుస్తున్న పెట్టె ఆ క్షణమే వాల్వు మూసేసింది. యంత్రాలు నడిపే నూకరాజు దగ్గుకుంటూ బయటపడ్డాడు. అతను కామేశంతో పాటే ఆ ఫ్యాక్టరీలో చేరినవాడు.

"చూశావా నూకరాజూ! ఇక మనకు బెంగ లేదు," అన్నాడు కామేశం. ఆ తర్వాత పెట్టె సంగతే మరిచిపోయాడు.

వేసవి చివర్లో చేపల వేట నిషేధం ముగిసింది. పడవలన్నీ ఐసు కోసం రేవులో బారులు తీరాయి. అప్పుడు శమీమ్ ఫోన్ చేసింది.

"సార్, మీ పెట్టె పంపిన లెక్కలు ఇప్పుడే చూశాను. మీ సెన్సారు కొన్నాళ్లుగా సున్నా తప్ప ఇంకేమీ చూపించడం లేదు."

"సున్నా అంటే గ్యాసు లేనట్టే కదమ్మా?"

"బాగున్న సెన్సారయితే అంకె కాస్తయినా కదులుతుందండీ. అది పాడైపోయినట్టుంది. మార్చేదాకా ప్లాంటు ఆపండి."

"ఇప్పుడా? ఈ వారం గడవనీ," అని ఫోన్ పెట్టేశాడు కామేశం. నూకరాజుకు ఒక్క మాటయినా చెప్పలేదు.

ఆ వారం గడవలేదు. పట్టపగలే పెద్ద గొట్టం పగిలింది. సెన్సారు సున్నా అనే చెప్పింది. పెట్టె దాన్నే నమ్మింది. వాల్వు తెరిచే ఉండిపోయింది. తెల్లటి పొగ గదంతా కమ్మేసింది. కామేశం తడిగుడ్డ ముక్కుకు చుట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. కళ్లు మండిపోయి వెనక్కి పడ్డాడు. లోపలి నుంచి నూకరాజు కామేశాన్ని పేరు పెట్టి పిలవడం వినిపించింది. ఫైరింజను వచ్చేసరికి ఆ పిలుపు ఆగిపోయింది.

ఆసుపత్రి వరండాలో నూకరాజు భార్య ఎర్రమ్మ అతని శవం కోసం గోడకు చేరబడి కూర్చుంది. కామేశం ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పెట్టెకు తెలియలేదమ్మా. సెన్సారు పాడైందని ఫోనయితే చేశారు గానీ..." అన్నాడు.

ఎర్రమ్మ తలెత్తింది. "పెట్టెకు తెలీలేదు సరే బాబూ. తమరికి తెలుసు కదా?"

 

నీతి: కాపలాను యంత్రానికి అప్పగించవచ్చు, బాధ్యతను అప్పగించలేం.