సూరాయమ్మ చూసిన ఓడ

కాకినాడలో ఓడల నమూనాలు చేసే బ్రహ్మాజీ మాస్టారి దగ్గర హైమవతి పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒకసారి ఇలా అడిగింది: “మాస్టారూ, నమూనా అచ్చం ఓడలా ఉందని ఎప్పుడు అనుకోవాలి? ఎంతవరకు చేస్తే చాలు?”

ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు మాస్టారికి లేదు. “రేపు సూరాయమ్మగారు వస్తారుగా, చూద్దాం,” అని ఊరుకున్నారు.

సూరాయమ్మ భర్త గవర్రాజు యాభైల నాటి సరుకుల ఓడ ఒకదానిలో బొగ్గు వేసే పనికి కుదిరి వెళ్ళాడు. ఆ ఓడ తుఫానులో మునిగిపోయింది. అప్పటికి వాళ్ళ పెళ్ళయి ఏడాదైనా కాలేదు. ఇప్పుడు ఆమెకు చూపు మసకబారుతోంది. అది పూర్తిగా పోకముందే ఆ ఓడను ఒక్కసారి చూడాలని ఉందని మాస్టారిని అడిగింది. ఆయన ఆ పని ఆర్నెల్ల కిందటే హైమవతికి అప్పగించారు.

హైమవతి ఆ కాలపు ఓడల ఫొటోలు ముందు పెట్టుకుని నక్ష గీసింది. మనిషి పొడవున్న ఓడను టేకు చెక్కతో కట్టింది. పొగగొట్టం మీద మసి, సరుకు ఎత్తే దూలాలకు సన్నటి తాళ్ళు, ఇనుప రేకుల అతుకుల వెంట ఆవగింజల్లాంటి మేకు తలలు, లంగరు కింద కారిన తుప్పు చార కూడా వదల్లేదు.

మర్నాడు పొద్దున సూరాయమ్మ ఒడ్డునున్న మాస్టారి షెడ్డుకు వచ్చేసరికి సముద్రం మీద మంచు ఇంకా విడలేదు. ఆమె బల్ల మీదికి వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా ఓడంతా చూసింది. వేళ్ళతో తడిమింది.

“చాలా బాగా చేశావు తల్లీ. కానీ ఇది కాదు,” అంది.

హైమవతి ఫొటోల కట్ట అందుకుంది. ఏదో అడగబోతే మాస్టారు చేత్తో వారించి, సూరాయమ్మ వైపు తిరిగారు. “అమ్మా, ఆయన వెళ్ళిన రోజు మీరు ఓడని ఎక్కడ నిలబడి చూశారు?”

“ఒడ్డున నాయనా. ఓడ ఎక్కడో లోపల ఆగేది కదా. ఆయన్ని పడవలో తీసుకెళ్ళారు.”

మాస్టారూ హైమవతీ ఓడను చెరోవైపు పట్టుకుని ఇసుకలోకి మోసుకెళ్ళారు. అలల దగ్గర తిరగేసి ఉన్న తెప్ప మీద పెట్టి షెడ్డుకు తిరిగొచ్చారు. గుమ్మంలోంచి చూస్తే తెప్ప కనబడలేదు, ఇసుకా కనబడలేదు. నీళ్ళకీ ఆకాశానికీ మధ్య, మంచులో, నల్లగా ఓడ ఒక్కటే తేలుతోంది.

సూరాయమ్మ గుమ్మం పట్టుకుంది. “అదే,” అంది. కళ్ళు చికిలించి, “వెళ్ళిపోతోంది,” అంది.

మంచు కదులుతోందో ఓడే కదులుతోందో హైమవతికీ తెలియలేదు.

“ఆవేళ అత్తగారు పక్కనే ఉంది,” అంది సూరాయమ్మ, సముద్రం మీంచి చూపు తిప్పకుండా. “సిగ్గేసి చెయ్యి ఊపలేదు.”

ఆమె చెయ్యెత్తి ఊపింది. తొందరేమీ లేనట్టు, మెల్లగా, ఊపుతూనే ఉంది.

హైమవతి మాస్టారి పక్కకు జరిగి గొంతు తగ్గించి అడిగింది: “నేను చేసినవేవీ ఆవిడకి ఇక్కణ్ణించి కనబడటం లేదు. అయితే నల్లరంగు పూసిన చెక్క పెట్టినా సరిపోయేదా?”

మాస్టారు ఓడ వైపే చూస్తూ అన్నారు: “ఆవిడ చెయ్యి ఊపుతున్నది ఎవరికమ్మా? ఆయన నిలబడటానికి అందులో చోటుండొద్దూ?”