సుగుణమ్మ టీచరు ఆఖరి కార్డు

ఉత్తరాల పిట్టా, ఊరెవరిదే?
ఊరవతల ఉన్న పెద్దమ్మదే.
ముక్కున కరిచింది ఏమిటే...

ఆ పై ముక్క ఏదో ఉండాలమ్మా, నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. పోనీలే, కథ విను.

అనగనగా పలాస దాటాక ఒక ఊరు. ఆ ఊళ్ళో ఇంటింటా జీడిపిక్కలు కొట్టేవారు. వాళ్ళల్లో వరాలు అని ఒకావిడ. జీడి అంటి ఆమె వేళ్ళెప్పుడూ నల్లగా ఉండేవి. పాపం, బడి మొహం చూడలేదు.

ఆమె పుట్టింటికి పెద్దదిక్కు సుగుణమ్మ టీచరు. వరాలుకి సొంత పెద్దమ్మ. నలభై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పింది. తల్లిలేని పిల్లల్ని తొమ్మిదిమందిని పెంచింది. ఎవరింట తగువొచ్చినా వెళ్ళి, ఇద్దరినీ తిట్టి, ఇద్దరికీ అన్నం పెట్టి వచ్చేది.

రిటైరయ్యాక ఒకసారి వరాలింటికొచ్చింది. "వేళ్ళు చూసి సిరా అనుకున్నానే!" అని వెక్కిరించింది. అప్పుడు చేటలో నూక పోసి, వరాలు చెయ్యి పట్టుకుని దిద్దించింది. వరాలుకి అప్పటికి నలభై ఆరేళ్ళు. మొదట సిగ్గొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత అక్షరాలొచ్చాయి.

టీచరు తిరిగి వెళ్ళాక వారం వారం కార్డు రాసేది. ఒక్కో అక్షరం బూరెంత! వరాలు ఆ రాత ఒక్కటే చదవగలదు. మిగతావాళ్ళ గొలుసుకట్టు రాత ఆమెకి చీమలబారే.

ఒకరోజు పొద్దున్నే పోస్టుమ్యాన్ కార్డిచ్చాడు. పెద్దమ్మ రాతే. వరాలు అరుగు మీదే కూర్చుని కూడబలుక్కుంది.

"వ-రా-లూ... నే-ను... చ-ని-పో-యా-ను."

మళ్ళీ చదివింది. మూడోసారి వేలు పెట్టి చదివింది. అదే మాట! చనిపోయిన మనిషి ఉత్తరం రాస్తుందా? రాత చూస్తే పెద్దమ్మదే.

ఆ చదువు విని అత్త పరుగున వచ్చింది. "ఓలమ్మో, చావుకబురా! లోపలికి తేకు, చింపెయ్యవే!"

చావుకబురు కార్డుని గుమ్మం బయటే చింపేసి, కట్టుబట్టలతో స్నానం చెయ్యాలి. అది వాళ్ళ ఆచారం.

అప్పుడు ఎదురింటి పారమ్మ, "చింపవే పిల్లా, ఇంటికి కీడు" అంది. ఆ తర్వాత వరాలు మొగుడు బకెట్టు నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

"ఉండండి. నేనింకా చదవలేదు," అంది వరాలు. ఆ ఇంట్లో ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు.

రెండో వరస చదివింది. "మనవాళ్ళ రాత నీకు చదవడం రాదు. అందుకే ఇది ముందే రాసి పెట్టాను. తారీఖు పిల్లలు వేస్తారు."

పైన చూసింది. తారీఖు ఒక్కటే వేరే చేతిరాత. అప్పుడు నమ్మింది, అప్పుడు ఏడ్చింది.

అత్త కార్డు అంచు పట్టుకుంది.

"అత్తా, ఇంకొక్క వరసుంది! అది చదివాక కావాలంటే నన్నూ చింపెయ్!"

అత్త వదిలేసింది. ఆమె కూడా అరుగు మీద కూలబడింది. "సరే, చదువు. నేనూ వింటాను."

కథ కంచి దారి పట్టింది,
కునుకు మన కళ్ళల్లో గూడు కట్టింది.

ఆ ఒక్క వరసా? చెబుతా, కళ్ళు మూసుకో. వరాలుతో పెద్దమ్మ అన్న ఆఖరి మాట అది.

"వెంటనే చింపకు. నెమ్మదిగా కూడబలుక్కో. నాకిప్పుడు తొందరేం లేదు."